తిప్పితే అదే బొమ్మ, అద్దంలో వేరే బొమ్మ

పొందూరు నుంచి ఒక పాఠకురాలు ఇలా అడిగారు: "మా అమ్మాయి అయిదో తరగతి. నవోదయ పరీక్షకు చదువుతోంది. బొమ్మల ప్రశ్నలన్నీ చకచకా చేస్తుంది గానీ, అద్దంలో బొమ్మ దగ్గరకొస్తే మాత్రం కుడి ఎడమలు తారుమారు చేస్తుంది. బుర్ర తక్కువా, శ్రద్ధ తక్కువా?"

రెండూ కాదమ్మా. మీ అమ్మాయి మెదడు తన పని తాను చేస్తోంది. చిక్కల్లా ప్రశ్నతోనే. ఎలాగో చెబుతాను.

ముందు పరీక్ష సంగతి. మీ జిల్లాలోని వెన్నెలవలస నవోదయలో ఆరో తరగతి సీటు కోసం రాసే పరీక్షలో మేధాశక్తి విభాగానికి 40 ప్రశ్నలు, 50 మార్కులు. అన్నీ బొమ్మలే. వేరుగా ఉన్నది ఏది, వరసలో తర్వాత వచ్చేది ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, పెద్ద బొమ్మలో చిన్నది ఎక్కడ దాగింది, ఇలా పది రకాలు.

బొమ్మను తిప్పి పోల్చడం మనసుకు బాగానే వచ్చు. 1971లో అమెరికాలో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ చిన్న ఘనాలు పేర్చినట్టున్న బొమ్మలను జంటలుగా చూపించి, రెండూ ఒకటేనా అని అడిగారు. ఒకటి రెండోదానికంటే ఎంత ఎక్కువ కోణంలో తిరిగి ఉంటే, జవాబుకు అంత ఎక్కువ సమయం పట్టింది. లెక్క గీస్తే తిన్నని గీత వచ్చింది! మనసులో బొమ్మను సెకనుకు సుమారు 60 డిగ్రీల చొప్పున తిప్పి చూస్తున్నామన్నమాట.

కాగితం మీది అద్దపు బొమ్మ దగ్గర ఈ విద్య పనికిరాదు. ఇంగ్లీషు పెద్ద 'ఎల్' అక్షరం మీద పైనుంచి కిందికి నడుస్తున్నారనుకోండి. మూల దగ్గర ఎడమకు తిరుగుతారు. కాగితాన్ని ఎటు తిప్పినా, తలకిందులు చేసినా, ఆ మలుపు ఎడమకే. అద్దంలో చూస్తే మాత్రం కుడికి! పొందూరులో రాట్నం వడికే చేతులకు ఇది రోజూ తెలిసిన సంగతే. పోగును ఈ కొసన పట్టుకున్నా, ఆ కొసన పట్టుకున్నా పురి వాలు మారదు. కదురు ఎదురు తిరిగితేనే ఎదురు పురి ఎక్కుతుంది.

మరి ఇంత స్పష్టమైన తేడాను మెదడు ఎందుకు వదిలేస్తుంది? వదిలేయడమే లాభం కనుక. పులి కుడివైపు నుంచి కనిపించినా ఎడమవైపు నుంచి కనిపించినా పులే. పరుగు ఆపి పక్కలు లెక్కపెట్టినవాడు బతికి బట్టకట్టడు. ఈ అలవాటు మనిషికే ప్రత్యేకం కాదు. 1957లో సదర్లాండ్ అనే పరిశోధకుడు ఆక్టోపస్‌లకు నిలువు పట్టీని అడ్డపట్టీ నుంచి వేరుచేయడం నేర్పగలిగాడు. కుడికి వాలిన పట్టీకీ, ఎడమకు వాలిన పట్టీకీ తేడా మాత్రం వాటికి ఎక్కలేదు. ఆ రెండూ ఒకదానికొకటి అద్దపు బొమ్మలే మరి.

ఇక్కడ పొరబడిన పెద్దమనిషి శామ్యూల్ ఆర్టన్ అనే అమెరికా వైద్యుడు. ఎడమ మెదడు బొమ్మను ఉన్నదున్నట్టు దాస్తుందనీ, కుడి మెదడు తారుమారుగా దాస్తుందనీ, ఆ రెంటి పోటీలోనే పిల్లలు అక్షరాలు తిరగేస్తారనీ 1925లో ఆయన వాదించాడు. వినడానికి ఎంత ముచ్చటైన సిద్ధాంతమో! కానీ సగం మెదడుకు లోకం తారుమారుగా కనిపిస్తే, దాని ఆజ్ఞతో కదిలే చెయ్యి ప్రతిసారీ తప్పు వైపే చాచాలి కదా. అలా జరగదు. తారుమారు బొమ్మ ఎక్కడా దాగిలేదు. పక్కను పట్టించుకోకపోవడమొక్కటే ఉంది.

ఆ పట్టింపు నేర్పేది చదువు. ఇంగ్లీషు చిన్న 'బి', 'డి' అక్షరాలు ఒకదానికొకటి అద్దపు బొమ్మలు. వాటిని చదవాలంటే పాత అలవాటు మానక తప్పదు. అసలు విశేషం తమిళనాడులో బయటపడింది. ఈవ్ డాన్జిగర్, ఎరిక్ పెడర్సన్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, తమిళం మాత్రమే చదవగలవాళ్లు దాదాపు చదువురానివాళ్లలాగే అద్దపు బొమ్మను అసలు బొమ్మతో సమానంగా ఒప్పుకున్నారు. తమిళ లిపిలో అలాంటి జంట అక్షరాలు లేవు. వాళ్లకిచ్చిన పని కూడా పెద్ద బొమ్మలో చిన్నదాన్ని వెతకడమే, అచ్చం నవోదయ ప్రశ్న!

మన లిపి చూడండి. 'ద' కింద చిన్న గీత గీస్తే 'ధ'. తలకట్టు విడిగా ఉంటే 'ప', అంటుకుంటే 'వ'. కంటికి ఎంత నిశితమైన శిక్షణ! కానీ అద్దపు జంట ఒక్కటీ లేదు. అందుకే తమిళుల ఫలితం మనకూ వర్తిస్తుందని నా గట్టి నమ్మకం. ఇంగ్లీషు అక్షరాలు కూడా బాగా అలవాటైన పిల్లలకు ఇక్కడ కొంత మొగ్గు ఉంటుంది.

ఇది పుట్టుకతో వచ్చే లోటు కాదు. పెద్దయ్యాక ఇంగ్లీషు తరహా అక్షరాలు నేర్చుకున్నవాళ్లలో కూడా ఈ చూపు మెరుగవుతుందని రెజీన్ కొలిన్‌స్కీ బృందం 2011లో చూపింది. పదేళ్ల పిల్లకు రాకపోతుందా?

మార్కుల మాటకొస్తే, బొమ్మ మీద ఒక కొస నుంచి వేలితో నడిపించి, మలుపు ఎటో పైకి చెప్పించండి. గైడు పుస్తకాలు వందల బొమ్మలు అచ్చేస్తాయి గానీ ఈ ఒక్క ముక్క చెప్పవు. బడి నేర్పని చూపును పరీక్షలో కొలిచి, దానికి మేధాశక్తి అని పేరు పెట్టడం అన్యాయం. ఎడమ మలుపు, కుడి మలుపు రెండో తరగతిలోనే నేర్పి, ఆ తర్వాత కొలవండి.