పోర్షే 718 ఉంచుకోవాలా, అమ్మేసి కొత్తది వచ్చేదాకా ఆగాలా?

ఫోన్ల విషయంలో మనకో లెక్క అలవాటైపోయింది. కొత్త మోడల్ ఏ నెలలో వస్తుందో దాదాపుగా తెలుసు. పాతదానికి ఎక్స్‌చేంజ్‌లో ఎంతొస్తుందో తెలుసు. కొత్తది పాతదానికంటే ఎంతో కొంత బెటర్‌గా ఉంటుందనీ తెలుసు. అందుకే "ఉన్నది వాడుకోవాలా, కొత్తదానికోసం ఆగాలా" అన్న ప్రశ్న రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇదే లెక్కని ఒక స్పోర్ట్స్ కారు మీద పెడితే? పోర్షే 718 కేమన్ లేదా బాక్‌స్టర్ ఉన్నవాళ్లు సరిగ్గా ఈ తలనొప్పిలోనే పడ్డారు. 2025 అక్టోబర్‌లో ఆ కారు తయారీ ఆగిపోయింది. దాని స్థానంలోకి రావాల్సిన ఎలక్ట్రిక్ 718 అప్పటికి షోరూమ్ ముఖం చూడలేదు. ఇప్పుడు అమ్మితే మంచి రేటు వస్తుందా? కొత్తది నిజంగా బాగుంటే? అసలు వస్తుందా?

మా సమాధానం ముందే చెప్పేస్తున్నాం: మీ దగ్గరున్నది ఆరు సిలిండర్ల కారైతే ఉంచుకోండి. నాలుగు సిలిండర్లదైతే మీ వాడకాన్ని బట్టి నిర్ణయించుకోండి. ఎందుకో చూద్దాం.

ముందు కారు సంగతి

బాక్‌స్టర్ 1996లో వచ్చింది. దానికి గట్టి టాప్ ఉన్న తమ్ముడిలాంటి కేమన్ 2005లో వచ్చింది. రెండింటికీ ఇంజిన్ సీట్ల వెనకాల, వెనక చక్రాల ఇరుసుకి ముందు ఉంటుంది. బరువంతా కారు మధ్యలో ఉండటంతో స్టీరింగ్ తిప్పగానే కారు చటుక్కున తిరుగుతుంది. ఈ కారుకున్న పేరంతా ఆ తిరగడం వల్ల వచ్చిందే.

2016లో వీటికి 718 అనే పేరు తగిలించి, ఆరు సిలిండర్ల ఇంజిన్ తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టారు. 2.0 లీటర్‌కి 300 పీఎస్, 2.5 లీటర్‌కి 350 పీఎస్. కాగితం మీద పాతదానికంటే పవర్ ఎక్కువ, వేగమూ ఎక్కువే. కానీ సౌండ్ పోయిందని రివ్యూలన్నీ మొత్తుకున్నాయి. స్పెక్ షీట్ గెలిచింది గానీ చెవులు ఒప్పుకోలేదు.

2020లో పోర్షే ఒక మెట్టు దిగింది. జీటీఎస్ 4.0 పేరుతో టర్బో లేని 4.0 లీటర్, ఆరు సిలిండర్ల ఇంజిన్‌ని తిరిగి తెచ్చింది. 400 పీఎస్, 6 గేర్ల మాన్యువల్, దాదాపు 1,400 కిలోల బరువు. దానిపైన 500 పీఎస్‌తో 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే జీటీ4 ఆర్‌ఎస్ ఉంది. "718 ఉంది" అంటే సరిపోదు, ఏ 718 అన్నది ముఖ్యం.

యూరప్‌లో కారుని ఆపింది ఒక సైబర్ సెక్యూరిటీ రూల్

మన పాఠకులకి బాగా ఆసక్తి కలిగించే భాగం ఇదే. యూరప్‌లో 718 అమ్మకాలు ఆగింది గిరాకీ లేక కాదు, పొగ ఎక్కువై కాదు. 2024 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్రతి కొత్త కారూ ఐక్యరాజ్యసమితి ఆర్155 అనే సైబర్ సెక్యూరిటీ నిబంధనకి లోబడాలి. కారులోని కంట్రోల్ యూనిట్లు, వాటి మధ్య నెట్‌వర్క్, బయటి నుంచి దాడి జరగడానికి ఉన్న దారులు... వీటన్నిటినీ కంపెనీ గుర్తించి, కాపాడే ఏర్పాటు చేసి, దాన్ని రుజువు చూపించాలి.

718 ఎలక్ట్రానిక్స్ ఆ రూల్ రాకముందు డిజైన్ చేసినవి. మొత్తం మళ్లీ చేయాలంటే, ఎలాగూ ఎలక్ట్రిక్‌కి మారబోయే కారు మీద అంత ఖర్చు దండగ అనుకున్నారు. దాంతో పెట్రోల్ మకాన్‌తో పాటు 718 కూడా ఈయూ మార్కెట్ నుంచి తప్పుకుంది. తక్కువ సంఖ్యలో తయారయ్యే ఆర్‌ఎస్ మోడళ్లకి మాత్రం మినహాయింపు దొరికింది. అమెరికా లాంటి మార్కెట్లలో 2025 దాకా అమ్మకాలు నడిచాయి.

లెగసీ కోడ్‌తో పనిచేసినవాళ్లకి ఈ కథ కొత్తేం కాదు. ప్రోడక్ట్ బాగానే నడుస్తుంటుంది, యూజర్లు హ్యాపీ, కానీ కింద ఉన్న ప్లాట్‌ఫామ్ కొత్త ఆడిట్‌లో పాసవ్వదు. అయితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ రూల్ కొత్తగా అమ్మే కార్లకే. ఆల్రెడీ రోడ్డు మీద ఉన్న 718కి దీంతో ఏ ఇబ్బందీ లేదు.

ఆగితే ఏం వస్తుంది?

తర్వాతి 718 పూర్తిగా ఎలక్ట్రిక్ అని పోర్షే 2022లో చెప్పింది. దానికి ఒక ఏడాది ముందు మ్యూనిక్ షోలో మిషన్ ఆర్ అనే కాన్సెప్ట్ రేస్ కారు చూపించింది. క్వాలిఫయింగ్ మోడ్‌లో 800 కిలోవాట్లు, అంటే 1,088 పీఎస్. బరువు దాదాపు 1,500 కిలోలు. అందులో అసలు విశేషం బ్యాటరీని నేల కింద పరవకుండా డ్రైవర్ వెనకాల పెట్టడం. అలా చేస్తే సీటు కిందకి దిగుతుంది, బరువు పాత ఇంజిన్ ఉన్న చోటే ఉంటుంది. అంటే మిడ్-ఇంజిన్ గుణాన్ని బ్యాటరీతో సాధించే ప్రయత్నం. ఐడియా నిజంగా బాగుంది.

తర్వాతే చిక్కులొచ్చాయి. "దశాబ్దం మధ్యకల్లా" అన్న మాట నిలబడలేదు. పోర్షే మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ పెట్టుబడి పెట్టిన స్వీడన్ బ్యాటరీ కంపెనీ నార్త్‌వోల్ట్ 2025 మార్చిలో దివాలా తీసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పోర్షే తన ఎలక్ట్రిక్ ప్లాన్లని సవరించుకుంది. ఆ ఏడాది లాభం మీద 180 కోట్ల యూరోల దాకా దెబ్బ పడుతుందని కూడా ప్రకటించింది. 718లో పై స్థాయి వెర్షన్లకి పెట్రోల్ ఇంజిన్ కూడా ఇస్తామన్న మాట ఆ తర్వాత వచ్చినదే.

"హమ్మయ్య, పెట్రోల్ వస్తోంది కదా" అని సంబరపడే ముందు ఇంజనీరింగ్ వైపు నుంచి చూడండి. బ్యాటరీ కోసం గీసిన బాడీలో ఇంజిన్, ఫ్యూయల్ ట్యాంక్, ఎగ్జాస్ట్, కూలింగ్ పైపులు ఇరికించాలి. ఈయూలో 2026 నవంబర్ నుంచి కొత్త మోడళ్లకి యూరో 7 నిబంధనలు మొదలవుతాయి. ఆ వడపోత దాటుకుని టర్బో లేని ఇంజిన్, మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న కారు మళ్లీ వస్తుందని పందెం కాయడం మాకైతే కష్టమనిపిస్తోంది.

ఫోన్ లెక్క ఎందుకు పనిచేయదంటే

మొదటిది, తేదీ లేదు. ఫోన్‌కి ఆగడమంటే రెండు మూడు నెలలు. ఇక్కడ ఆగడమంటే ఎన్నాళ్లో చెప్పలేని ఖాళీ. ఆ ఖాళీలో మీ ఆదివారం పొద్దుటి డ్రైవ్‌లన్నీ పోయినట్టే.

రెండోది, వచ్చేది "ఇదే కారు, ఇంకొంచెం బెటర్" కాదు. కొత్త ఫోన్‌లో కెమెరా, చిప్ మెరుగవుతాయి, మీరు చేసే పని మాత్రం అదే. ఎలక్ట్రిక్ 718 ఇప్పటి దానికంటే వేగంగా వెళ్తుందనడంలో నాకు డౌట్ లేదు. కానీ గేర్ మార్చడం, ఆర్‌పీఎం పైకెక్కుతుంటే మారే ఆ మోత, చేతికీ కాలికీ ఉన్న పని... ఇవి అప్‌గ్రేడ్ అవ్వవు, పోతాయి. ఈ కారుని వేగం కోసం కొన్నారా, ఈ పని కోసం కొన్నారా అన్నది మీకు మీరే చెప్పుకోవాలి.

మూడోది అన్నిటికంటే పెద్దది: రోల్‌బ్యాక్ లేదు. ఉంచుకున్న కారుని వచ్చే ఏడాదైనా అమ్మొచ్చు. అమ్మేసిన కారుని, అదే కండిషన్‌లో, అదే రంగులో, సర్వీస్ రికార్డుతో సహా వచ్చే ఏడాది కొనడం దాదాపు అసాధ్యం. తయారీ ఆగిన కారు కాబట్టి కొత్త స్టాక్ రాదు, ఉన్నవాటిలో మంచివి ఏటా తగ్గుతాయి. ఒక నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవచ్చు, రెండోదాన్ని తీసుకోలేం అన్నప్పుడు ముందు ఏది ఎంచుకోవాలో ప్రొడక్షన్‌లో డిప్లాయ్ చేసిన ఎవరికైనా తెలుసు.

ఇంకో మాట. ఈ కారు పాతబడే తీరు ఫోన్‌లా ఉండదు. మీటర్ల మధ్యలో ముల్లు తిరిగే టాకోమీటర్ ఉంది, దానికి అప్‌డేట్ అక్కర్లేదు. 7 అంగుళాల స్క్రీన్ పాతదే, కానీ కార్‌ప్లే పెట్టాక దాని మెదడు మీ జేబులోని ఫోనే. రెండేళ్లకోసారి ఫోన్ మారిస్తే మ్యాప్స్, మ్యూజిక్ వాటంతటవే కొత్తవైపోతాయి. పూర్తిగా సాఫ్ట్‌వేర్ మీద నడిచే కొత్త కారుని మాత్రం "ఎన్నేళ్ల అప్‌డేట్లు?" అని అడగాల్సిందే. ఫోన్లకి 7 ఏళ్ల హామీ ఇచ్చే రోజుల్లో కోటి రూపాయల కారుని ఆ ప్రశ్న అడగడం తప్పేం కాదు. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్క్‌లు ఆపేసినప్పుడు చాలా పాత కార్ల కనెక్టెడ్ సర్వీసులు ఆగిపోయిన సంగతి మర్చిపోవద్దు.

ఆగమనేవాళ్ల వాదనలోనూ పస ఉంది

2016లో నాలుగు సిలిండర్ల కారు చూసి మొహం తిప్పుకుని ఆగినవాళ్లకి నాలుగేళ్ల తర్వాత జీటీఎస్ 4.0 దొరికింది. అంటే పోర్షే మనసు మార్చుకుంటుంది, ఓపికకి ఫలితం ఉంటుంది. నిజమే. కానీ వాళ్లలో గెలిచింది తమ పాత కారుని ఉంచుకుని ఆగినవాళ్లు. అమ్మేసి ఆగినవాళ్లు నాలుగేళ్లు ఊరికే కూర్చున్నారు.

ధర సంగతి కూడా చూడాలి. పోర్షే మొదటి ఎలక్ట్రిక్ కారు టైకాన్ సెకండ్ హ్యాండ్ ధరలు బాగా పడ్డాయి. ఎలక్ట్రిక్ 718కీ అదే జరిగితే, వచ్చిన రోజే కొనడం కంటే రెండు మూడేళ్లు ఆగి వాడినది కొనడమే లాభం. అప్పటిదాకా నడపడానికి ఒక కారుండాలి కదా, అది మీ దగ్గరే ఉంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకో లెక్క ఉంది. పోర్షేకి అక్కడ ఫ్యాక్టరీ లేదు, ప్రతి కారూ దిగుమతే. 2025లో యూరప్ కార్ల మీద సుంకం 2.5 శాతం నుంచి 27.5కి ఎగబాకి, ఒప్పందం తర్వాత 15 దగ్గర ఆగింది. వారసుడి ధరలో ఇదీ కలుస్తుంది. ఇండియాలోనైతే పూర్తిగా తయారై దిగే ఇలాంటి కార్ల మీద ఇంతకాలం సుంకమే కారు ధరను మించి ఉంది. ఇక్కడ స్టాక్ మొదటినుంచీ తక్కువే కాబట్టి, అమ్మితే మళ్లీ దొరకడం ఇంకా కష్టం.

ఎవరు ఏం చేయాలి?

- జీటీఎస్ 4.0, జీటీ4, స్పైడర్, ఆర్‌ఎస్ మోడళ్లు ఉన్నవాళ్లు: ఉంచుకోండి. ఇలాంటి కాంబినేషన్ తిరిగొస్తుందన్న గ్యారంటీ లేదు.
- 2.0 లేదా 2.5 టర్బో ఉండి, రోజూ ఆఫీసుకి వాడేవాళ్లు: ఎలక్ట్రిక్ మీకు నప్పే అవకాశం ఎక్కువ. ట్రాఫిక్‌లో అది హాయిగా ఉంటుంది. అయినా కొత్తది వచ్చి, మీరు స్వయంగా నడిపి చూసేదాకా తొందరపడొద్దు.
- లీజు అయిపోతున్నవాళ్లు: ముందే రాసిన బై-అవుట్ ధరని మార్కెట్ ధరతో పోల్చండి. బై-అవుట్ తక్కువగా ఉంటే కొనేయడమే మేలు.
- ఈఎంఐ భారంగా ఉన్నవాళ్లు: పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి అమ్మేయండి. ఏ ఇంజిన్ సౌండూ నెలాఖరు నిద్ర కంటే ఎక్కువ కాదు. వీలైతే ఆ డబ్బుని కొత్త మోడల్ బుకింగ్‌లో ఇరికించకండి.

ఉంచుకుంటే ఇవి మర్చిపోవద్దు

వారంటీ అయిపోకముందే పొడిగింపు గురించి అడగండి. చాలా దేశాల్లో కారుకి 15 ఏళ్లు వచ్చేదాకా కంపెనీ వారంటీ పొడిగించుకునే వీలుంది. తక్కువ తిరిగినా ఆయిల్ టైమ్ ప్రకారం మార్చండి. వారాల తరబడి పార్కింగ్‌లోనే ఉంచితే బ్యాటరీకి ట్రికిల్ ఛార్జర్ పెట్టండి. టైర్లకి అరుగుదలే కాదు, తయారీ తేదీ కూడా చూడండి. ప్రతి బిల్లూ ఫైల్ చేయండి. రేపు అమ్మాల్సొస్తే ధర పలికించేది ఆ ఫైలే.

ముఖ్యంగా, కారుని నడపండి. ధర పెరుగుతుందని కవర్ కప్పి దాచడానికైతే బంగారం కొనుక్కోవచ్చు, దానికి ఇన్సూరెన్స్ ప్రీమియం తక్కువ, టైర్లు మార్చే పనీ లేదు.

మా తీర్పు

వారసుడి కోసం ఎదురుచూడటంలో తప్పు లేదు. కాకపోతే ఉన్న 718 తాళాలు చేతిలో పెట్టుకునే చూడండి. కొత్తది వచ్చాక టెస్ట్ డ్రైవ్‌కి మీ కారులోనే వెళ్లండి. రెండూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద నడపండి. తిరిగొచ్చేటప్పుడు ఏది నడపాలనిపిస్తుందో అప్పుడు ఏ రివ్యూ చదవక్కర్లేకుండానే తెలిసిపోతుంది.