నెట్ ఎప్పుడు పోయిందో స్విచ్‌నే అడగండి: నా ఆర్‌మాన్ సెటప్ అనుభవం

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజులవి. మా బావకి ఊళ్లో ఎనిమిది సిస్టమ్‌ల నెట్ సెంటర్ ఉంది. "సాయంత్రమైతే చాలు, పేజీ తిరుగుతూనే ఉంటోందిరా. గడువు ఇంకా మూడు రోజులే. పిల్లలు బయట క్యూలో నిలబడుతున్నారు" అని ఫోన్ చేశాడు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు పొద్దున వచ్చి స్పీడ్ టెస్ట్ చేసి, అంతా ఓకే అని వెళ్లిపోయాడట. బావ కోపమంతా అతని మీదే.

నేను వెళ్లి చూస్తే అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్న మేనేజ్డ్ స్విచ్ ఉంది. అందులో ఆర్‌మాన్ ఉంది, కానీ ఎవరూ ఆన్ చేయలేదు. ఆర్‌మాన్ అంటే రిమోట్ మానిటరింగ్. దీని మొదటి స్టాండర్డ్ 1991లోనే వచ్చింది. ఇందులో చాలా గ్రూపులున్నా మామూలు స్విచ్‌లలో దొరికేవి నాలుగే: స్టాటిస్టిక్స్, హిస్టరీ, అలారమ్, ఈవెంట్.

ముందు లెక్కలు

రౌటర్ కేబుల్ ఉన్న పోర్టు మీద స్టాటిస్టిక్స్ ఆన్ చేశాను. ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, అందులో బ్రాడ్‌కాస్ట్ ఎన్ని, సీఆర్‌సీ ఎర్రర్లు ఎన్ని అని చూపిస్తుంది. సీఆర్‌సీ ఎర్రర్ అంటే డేటా దారిలో పాడైపోయి వచ్చిందని అర్థం. ఆ నంబర్ వేలల్లో ఉంది! కానీ ఎప్పుడు పెరిగిందో ఈ టేబుల్ చెప్పదు. అది హిస్టరీ పని.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. 30 సెకన్లకోసారి, 50 శాంపిళ్లు అని పెట్టాను. అంటే మొత్తం 25 నిమిషాలే! మర్నాడు చూస్తే ముందురోజు సాయంత్రం డేటా లేదు. కొత్త శాంపిల్ వస్తే పాతది పోతుంది మరి. అదే 50 శాంపిళ్లను 1800 సెకన్లకోసారి తీసుకునేలా మార్చాను. ఇప్పుడు 25 గంటలు కవర్ అవుతాయి.

తర్వాత అలారమ్

ముందు ఈవెంట్ తయారు చేసి, దాని నంబర్‌ను అలారమ్‌లో ఇవ్వాలి. ఈవెంట్‌లో లాగ్, ట్రాప్ అని రెండు ఆప్షన్లుంటాయి. ట్రాప్ అందుకోవడానికి వేరే సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ కావాలి, అందుకే నేను లాగ్ చాలనుకున్నాను. స్విచ్ టైమ్ కూడా సెట్ చేయండి, లేకపోతే లాగ్‌లో టైమ్ చూసి లాభం ఉండదు.

అలారమ్‌లో శాంపిల్ టైప్ అబ్సల్యూట్ అని పెట్టకండి. నేను పెట్టాను. లెక్క అప్పటికే లిమిట్ దాటేసింది కాబట్టి ఒక్కసారి మోగి ఊరుకుంది. డెల్టా పెడితే ఈ నిమిషంలో ఎన్ని పెరిగాయో చూస్తుంది. 60 సెకన్లు, రైజింగ్ 10, ఫాలింగ్ 0 పెట్టాను. ఒకసారి మోగాక లెక్క ఫాలింగ్ లిమిట్‌కి దిగితేనే మళ్లీ మోగుతుంది. కాబట్టి లాగ్ నిండా ఒకటే మెసేజ్ పడదు. చివర్లో కాన్ఫిగరేషన్ సేవ్ చేయడం మర్చిపోవద్దు. కరెంటు పోతే లెక్కలు ఎలాగూ పోతాయి, సెట్టింగులైనా మిగులుతాయి.

దొంగ దొరికాడు

రెండో రోజు హిస్టరీలో మధ్యాహ్నం దాకా సున్నాలే. అయిదున్నర నుంచి వందల్లో ఎర్రర్లు. లాగ్‌లో టైమ్ చూస్తూ పక్కనే నిల్చున్నాను. జిరాక్స్ మిషన్ నడిచినప్పుడల్లా కొత్త లైను పడుతోంది! స్విచ్, జిరాక్స్ రెండూ ఒకే బల్ల మీదున్నాయి. రౌటర్ కేబుల్ కనెక్టర్ క్లిప్ విరిగిపోయి, బల్ల ఊగినప్పుడల్లా కదులుతోంది. సాయంత్రం సర్టిఫికెట్ల జిరాక్స్‌లకి జనం వస్తారు, నెట్ పోతుంది. పొద్దున మిషన్ ఖాళీ, స్పీడ్ టెస్ట్ పాస్!

కేబుల్ మార్చి, స్విచ్‌ని గోడకి బిగించాం. మూడో రోజు సాయంత్రం లాగ్‌లో ఒక్క లైను పడలేదు. క్యూలో ఉన్న పిల్లలంతా ఆప్షన్లు పెట్టుకునే వెళ్లారు. బావ కనెక్షన్ కుర్రాడికి ఫోన్ చేసి సారీ చెప్పాడు.

స్విచ్ కొనేముందు స్పెసిఫికేషన్లలో ఆర్‌మాన్ గ్రూపులు 1, 2, 3, 9 ఉన్నాయో లేదో చూడండి. ఆ నాలుగూ ఇవే. ఇప్పటికే ఉంటే, నెట్ బాగున్న రోజే ఆన్ చేసి పెట్టుకోండి.