కొండకర్ల ఆవలో తాటి దోనె

"మీది కంచరపాలెమా? ఆ సినిమా తీసిన చోటేనా?"

2018 సెప్టెంబరులో వెంకటేశ్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' విడుదలైన దగ్గర్నుంచి ఎక్కడికెళ్లినా నాకీ ప్రశ్న తప్పడం లేదు. మా వీధుల్లోనే, చాలామటుకు మావాళ్లతోనే తీశారు మరి! అది చూసే కాబోలు, సహాయ దర్శకుడైన నా మిత్రుడు ఫోన్ చేశాడు. "గురూ! మీ వైపు తామరపూల చెరువేదైనా ఉందా? హీరోయిన్ మోటారు బోటులో ఎంట్రీ ఇవ్వాలి!"

ఉంది. కొండకర్ల ఆవ. విశాఖకు సుమారు 50 కిలోమీటర్లు.

డిసెంబరు ఆదివారం తెల్లవారకుండానే స్కూటరెక్కాను. అనకాపల్లి బెల్లానికి పెట్టింది పేరు. ఆ పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ. రాతిని తొలిచిన బౌద్ధ స్తూపాలు, గుహలు. 1906లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపించిన చోటు. కొండెక్కితే పూట పడుతుంది, తిరుగు ప్రయాణంలో చూద్దామనుకుని అచ్యుతాపురం రోడ్డు పట్టాను.

ఆవ అంటే మా వైపు నీళ్లు నిలిచే పల్లపు నేల. కొల్లేరు తరువాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సని దీనికి పేరు. ఊరు చిన్నదే. ఒడ్డున నిలబడితే తామరాకులు, దూరంగా కొండలు, చలికాలానికి వలస వచ్చిన పిట్టలు... స్టూడియో సెట్టు దీని ముందు దిగదుడుపే!

ఇక్కడి దోనెలు చూసి తీరాలి. రెండు తాటిబొదెలు తొలిచి, పక్కపక్కన చేర్చి బిగిస్తారు. ఇంజను లేదు, చప్పుడు లేదు. కదిలితే ఒరుగుతుందేమోనని నేను బిగుసుకు కూచుంటే, గెడ వేసే పెద్దాయన నవ్వాడు.

"బయపడకండి బాబూ, ములగదు."

షూటింగు సంగతి చెప్పాను. ఆయన మొహం వెలిగింది. మోటారు బోటనగానే గెడ ఆగిపోయింది.

"సినిమావోళ్లొత్తే నాలుగు డబ్బులొత్తాయి. కాదననండి. కాని ఆ మోటారు తిరిగితే ఈ ఆకులుంటాయా? పిట్టలుంటాయా? మీరు రెండ్రోజులుండి ఎల్లిపోతారు. తరవాత మా దోనెవరెక్కుతారు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఒడ్డు చేరాక, అడిగిన దానికన్నా ఎక్కువ ఇవ్వబోయాను. లెక్క చూసుకుని మిగతాది తిరిగిచ్చేశాడు.

బొజ్జన్నకొండ ఆ రోజూ చూడలేదు. ఇంటికొచ్చి మిత్రుడికి ఫోన్ చేశాను. "చెరువు దొరికింది. కాని హీరోయిన్ తాటిదోనెలోనే రావాలి."

"హీరోయిన్ ఒప్పుకోవాలిగా గురూ!" అన్నాడు. అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు.