సముద్రాన్ని తూచే ఉపగ్రహాల మాట ఎంతవరకు నమ్మాలి?

సముద్రమట్టం పెరుగుతోందన్న వార్త చూడగానే మనకు కరిగే మంచే గుర్తొస్తుంది. అది సగం సంగతే. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి చుక్క నీరు కొత్తగా చేరకపోయినా మట్టం లేస్తుంది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా, కొండల మీది హిమానీనదాల నుంచి వచ్చిపడే నీటి సంగతి వేరు. దానితో సముద్రం బరువే పెరుగుతుంది. పైనుంచి మట్టాన్ని మాత్రమే కొలిచే ఉపగ్రహం ఈ రెండింటినీ విడదీయలేదు. అందుకే బరువును విడిగా తూచాల్సి వచ్చింది.

ఆ పని 2002 మార్చిలో మొదలైంది. నాసా, జర్మనీ కలిసి గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపాయి. ఇవి ఒకే కక్ష్యలో, సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. కింద ద్రవ్యరాశి ఎక్కువున్న చోటు దగ్గరపడితే, ఆ ఆకర్షణ ముందున్నదాన్ని కాస్త ముందుగా లాగుతుంది, ఎడం పెరుగుతుంది. వెనకది కూడా అక్కడికి చేరేసరికి మళ్లీ తగ్గుతుంది. ఈ మార్పును మైక్రోవేవ్ తరంగాలతో మైక్రాన్ల లెక్కన కొలుస్తారు. నెల రోజుల కొలతలు కూడితే భూమి ఆకర్షణ పటం ఒకటి వస్తుంది. రెండు నెలల పటాలను పోల్చి చూస్తే నీరు ఎక్కడ చేరిందో, ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. 2017లో ఆ జంట పని ముగిసింది. 2018 మేలో గ్రేస్-ఎఫ్‌ఓ అనే కొత్త జంట వెళ్లింది. మధ్యలో దాదాపు ఏడాది పాటు కొలతల్లేవు.

ఇక అసలు చిక్కు. దాదాపు 360 వందకోట్ల టన్నుల నీరు చేరితే ప్రపంచ సముద్రమట్టం ఒక్క మిల్లీమీటరు పెరుగుతుంది. ఏడాదికి మనం పట్టుకోవాల్సింది రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన. కానీ ఉపగ్రహానికి నీరూ రాయీ ఒకటే, దానికి తెలిసింది ద్రవ్యరాశి మాత్రమే. ఇరవై వేల ఏళ్ల కిందట ఉత్తర అమెరికాను, స్కాండినేవియాను అణిచిపెట్టిన మంచు పోయినా, ఆ నేల ఇంకా నెమ్మదిగా పైకి లేస్తూనే ఉంది. ఆ సర్దుబాటులో సముద్రగర్భం కొద్దికొద్దిగా కుంగుతోంది. గ్రేస్‌కు ఇది సముద్రం బరువు తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరు కలపాలి. కొలవాల్సింది రెండైతే కలిపేది ఒకటి! ఆ ఒకటి కొలతలోంచి కాదు, భూగర్భం గురించి మనం కట్టుకున్న నమూనాల్లోంచి వస్తుంది. నమూనా మారితే జవాబూ కాస్త మారుతుంది. గ్రేస్ అంకెల్లో నాకు అన్నిటికన్నా బలహీనంగా కనిపించేది ఇదే.

భూకంపాలూ ఇలాగే తికమక పెడతాయి. 2004 డిసెంబరులో సుమత్రా భూకంపం కదిపిన రాతిపొరల జాడ ఈ పటాల్లో స్పష్టంగా పడింది. దాన్ని తీసేయకుండా బంగాళాఖాతం నీటి లెక్క వేస్తే తప్పు జవాబే వస్తుంది. తీరాల దగ్గర ఇంకో సమస్య ఉంది. గ్రేస్ చూపు సుమారు 300 కిలోమీటర్ల మేర మసకగా ఉంటుంది కాబట్టి నేల మీది మార్పులు సముద్రంలోకి చిందినట్టు కనిపిస్తాయి. అందుకే చాలామంది పరిశోధకులు తీరం వెంట ఒక పట్టీని లెక్కలోంచి తప్పిస్తారు.

మరి ఈ అంకెలను పరీక్షించేదెలా? సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలతో పోల్చడం ఒక దారి. అయితే అవి కొన్ని చోట్లే ఉన్నాయి. అసలు పరీక్ష ఇంటి జమాఖర్చు లాంటిది. మట్టం కొలిచే ఉపగ్రహాలు మొత్తం పెరుగుదల చెబుతాయి. నీటిలో మునిగి తేలే వేల ఆర్గో ఫ్లోట్‌లు వేడి వల్ల వచ్చిన వాటా చెబుతాయి. భారత్ వదిలిన ఫ్లోట్‌ల సమాచారాన్ని హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) చూస్తుంది. మొత్తంలోంచి వేడి వాటా తీసేస్తే మిగిలేది గ్రేస్ చెప్పిన బరువుకు సరిపోవాలి. 2005 నుంచి దశాబ్దం పాటు బాగానే సరిపోయింది. 2010-11 లానినా కాలంలో ఆస్ట్రేలియా వంటి చోట్ల కురిసిన భారీ వానలతో నీరు నేల మీద నిలిచి, సముద్రమట్టం సుమారు 5 మిల్లీమీటర్లు పడిపోయిందన్న సంగతి కూడా ఇలాగే తేలింది.

2016 తర్వాత లెక్క తప్పింది. మట్టం పెరిగినంతగా మిగతా రెండూ పెరగలేదు. సహజంగానే అనుమానం గ్రేస్ మీద పడింది. పాత జంట అప్పటికే కుంటుతోంది, కొత్త జంటలో ఒకదాని యాక్సిలరోమీటర్ (ఆకర్షణ కాని ఇతర తోపులను కొలిచే పరికరం) సరిగా పనిచేయక రెండోదాని అంకెలతో సర్దుకోవాల్సి వచ్చింది. తీరా వెతికితే, కొన్ని ఆర్గో ఫ్లోట్‌లలో నీటి సాంద్రత లెక్కకు వాడే లవణీయత సెన్సర్లు పక్కదారి పట్టాయని, మట్టం కొలిచే జేసన్-3 ఉపగ్రహంలో గాలిలోని తేమను చూసే రేడియోమీటరూ మెల్లగా తప్పుకుందని తేలింది. వాటిని సరిచేశాక తేడా చాలావరకు తగ్గింది. లెక్క సరిపోయినంత మాత్రాన అన్నీ నిజమని కాదు, ఎదురెదురు తప్పులు కొట్టేసుకున్నా సరిపోతుంది. మూడు కొలతలూ వేరువేరు పద్ధతుల్లో రావడమే మనకున్న ధైర్యం.

కాబట్టి ప్రపంచ సముద్రాల మొత్తం బరువు ఏళ్ల తరబడి ఎటు పోతోందో గ్రేస్ చెబితే నమ్మవచ్చు. ఒక్క నెల అంకెను పట్టుకుని వాదించకూడదు. ఉప్పాడ దగ్గర సముద్రం ఎంత ముందుకొస్తుందో దాన్ని అడగనే కూడదు. ఆ ప్రశ్నకు విశాఖ రేవులోని ఆటుపోట్ల కొలబద్దలాంటి పరికరాలు, తీరం సర్వేలే దిక్కు.