కూరమడికి మునగపసరు



ఆషాఢమాసమున మునగాకు వండుకొను వాడుక మీరెరిగినదే. ఆ యాకు పసరు మన నోటికే కాక, పెరటిలోని కూరమడికి గూడ మేలుచేయునని ఇటీవలి పరిశోధనలు తెల్పుచున్నవి. ఆ సంగతినే నేడు మీకు మనవిచేయ దలంచితిని.

మొదట ఒక్కమాట. మునగపసరు ఎరువు కాదు. అన్నము దేహమును పోషించును. శొంఠి ఆకలిని పుట్టించును. పశువులపెంట మొక్కకు అన్నమువంటిది, మునగపసరు శొంఠివంటిది. అన్నము లేనిచోట శొంఠి యేమి చేయగలదు? కావున నేలకు పెంట వేయుట మానరాదు.

మునగ లేతాకులలో జియాటిన్ అను పదార్థము కలదు. శాస్త్రజ్ఞులు దీనిని మొదట మొక్కజొన్న లేతగింజలనుండి వేరుచేసిరి. ఇది మొక్కలోని కణములు వృద్ధిపొందుటకు తోడ్పడును. ఆకు త్వరగా పండిపోకుండ కాపాడును. ఆకు పచ్చగా నిలిచినన్నాళ్లు ఎండవెలుతురుతో తన యాహారమును తాను సిద్ధపరచుకొనుచుండును. పసరులో సున్నము, పొటాసియము మొదలగు లవణములును కొంత యుండును.

నికరాగువా దేశమున జరిగిన ప్రయోగముల ఫలితములను నికొలస్ ఫోయిడుల్ మొదలగువారు 2001లో ప్రకటించిరి. ఈ పసరు చల్లిన పలు పైరులలో దిగుబడి నూటికి 20 మొదలు 35 వంతుల వరకు హెచ్చెనని వారు వ్రాసిరి. ఇది దిగుబడి మాట. పోషకముల విషయమై, ఆవజాతికి చెందిన రాకెట్ అను ఆకుకూరపై ఈజిప్టున జరిగిన పరిశోధన 2013లో ప్రకటితమైనది. పసరు చల్లిన మొక్కలలో మాంసకృత్తులు, చక్కెరలు, సి విటమిను హెచ్చినట్లు అందు తేలినది.

చేయు విధము సులభము. లేత మునగాకును కొద్దినీటితో మెత్తగా రుబ్బి, గుడ్డలో పిండి, పసరు తీయవలెను. 1 పాలు పసరునకు 30 పాళ్లు నీరు కలిపి, ఉదయమునగాని సాయంకాలమునగాని ఆకులు తడియునట్లు చల్లవలెను. మొలచిన పదిదినములకు ఒకమారు, పూతకు ముందు ఒకమారు చల్లవచ్చును. పసరు నిలువ యుండదు. తీసిన 5 గంటలలోపల వాడవలెను.

అన్ని నేలలందును ఒకే ఫలము కలుగదు. అందుచేత ఒక మడికి చల్లి, ప్రక్కమడికి వట్టినీరు చల్లి, రెంటిని పోల్చిచూడుడు. మీ కన్నే మీకు సాక్షి.

కడపట గృహిణులకొక విన్నపము. మడిలో హెచ్చిన సి విటమిను పొయ్యిమీద పోవచ్చును. కూరను కోయకముందే కడిగి, మూతపెట్టి కొద్దిసేపే యుడికించి, ఉడికిన నీటిని పారబోయక పప్పులోనో చారులోనో కలుపవలెను. పసరు తీయగా మిగిలిన మునగాకును మీ పిల్లలకు వండిపెట్టుడు. ప్రక్కమడికి మేలుచేయు చెట్టు ఇంటివారికి మేలుచేయకుండునా?