మందును బయటికి తోడిపోసే కణం

పెరటి గోడ పక్కన, నీళ్ళు పోసినా పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరు మీకందరికీ తెలుసు. ఆ మొక్క నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే మందును 1960ల నుంచీ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి వాడుతున్నారని ఎంతమందికి తెలుసు? ఇలాంటి మందులతో చేసే చికిత్సే కీమోథెరపీ. మంచి వసతులున్న చోట పూర్తిగా జరిగితే, పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ లుకేమియా చాలామందికి నయమైపోతుంది.

మరి కొందరికి తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకు తిరగబెడుతుంది? "పథ్యంలో ఏం లోపం చేశానో!" అని కన్నతల్లి కుమిలిపోతుంది. లోపం మీ వంటింట్లో లేదమ్మా, ఆ కణంలో ఉంది.

జన్యువులంటే వంటల పుస్తకం అనుకోండి. పుస్తకంలో వెయ్యి వంటలున్నా రోజూ అన్నీ వండం కదా! మన కణాల్లోనూ అంతే. పుస్తకం దాదాపు ఒక్కటే, ఏ కణం ఏ పేజీ తెరిచి ఎంత వండుతుందన్నదే తేడా. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు.

అందులో ఎం.డి.ఆర్.-1 అనే పేజీ ఒకటుంది. దాన్నిబట్టి తయారయ్యేది పి-గ్లైకోప్రోటీన్. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రజ్ఞులు మందుకి లొంగని హామ్‌స్టర్ కణాల్లో దీన్ని కనిపెట్టారు. హామ్‌స్టర్ అంటే ఎలుకజాతి జంతువు. ఈ ప్రొటీన్ కణం గోడలో మోటారు పంపులా పనిచేస్తుంది. పేగుల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో విషాలను బయటికి తోడిపోసి మనకి మేలే చేస్తుంది.

చిక్కల్లా లుకేమియా కణం ఆ పేజీని అదేపనిగా వండినప్పుడే! గోడనిండా పంపులే. విన్‌క్రిస్టిన్, డానోరూబిసిన్ వంటి మందులు లోపలికి వెళ్ళినవి వెళ్ళినట్టే బయటికొచ్చేస్తాయి. పెద్ద వయసువారికొచ్చే మైలాయిడ్ లుకేమియాలో ఈ బెడద ఎక్కువ. కలుపు తీశాక మిగిలిన గరిక వేరులా, చావక మిగిలిన ఆ కాసిని కణాలే మళ్ళీ అల్లుకుంటాయి.

పంపును మూసే మందులు ప్రయత్నించారు గానీ ఆశించిన ఫలితం రాలేదు. అయితే సైటరబిన్, మెర్కాప్టోప్యూరిన్ లాంటివి ఈ పంపుకి చిక్కవు. డాక్టర్లు నాలుగైదు రకాలు కలిపి ఇవ్వడంలోని కిటుకు ఇదే. ఒకటి తప్పినా మరొకటి పట్టుకుంటుందన్నమాట.

కాబట్టి మీ ఇంట్లోగానీ, తెలిసినవారింట్లోగానీ ఇలాంటి బిడ్డ ఉంటే ఈ మూడూ గుర్తుంచుకోండి. ఒళ్ళు తేరుకుంది, బడికెళుతున్నాడు కదా అని మాత్రలు మానకండి. ఈ చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది, మధ్యలో మాత్రలు తప్పితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. పదివేల కణాల్లో ఒక్క చెడ్డకణం మిగిలినా పట్టే ఎముకమజ్జ పరీక్షలున్నాయి, వాటి గురించి డాక్టర్ని మొహమాటపడకుండా అడగండి. ఇక బిళ్ళగన్నేరు ఆకు కషాయం కాచి తాగించకండి, అది విషం. మొక్కను పూలకోసం పెంచుకోండి, మందును డాక్టరుకి వదిలెయ్యండి.