లష్కరులో నొక తల్లికి జరిగిన గౌరవము

కడచిన పుష్యమాసమున మా బోనకల్లులో, మా వీధిలోనే నివసించు నొక తల్లి మా యింటికి వచ్చి, కొంగుముడి విప్పి సెల్‌ఫోను తీసి మా చేతికిచ్చి, అందులోని పత్రికను చదివి చెప్పుమని కోరెను. అది హిందీలోను ఆంగ్లములోను ఉండెను. ఆమె కుమారుడు సికందరాబాదులోని యొక సైనిక శిక్షణకేంద్రమున శిక్షణ ముగించి ప్రమాణము చేయబోవుచున్నాడనియు, ఆ కవాతు చూచుటకు తల్లిదండ్రులు రావలెననియు దాని సారాంశము. ఆ మాట విని ఆమె సంతసింపలేదు సరికదా, “మిలిటరీవాళ్ల నడుమకు నేనొక్కదాన్ని ఎట్ల పోవాలె పంతులమ్మా?” అని దిగులుపడెను. ఆమె భర్త గతించి చాలకాలమయినది. మేము తోడు వచ్చెదమంటిమి. మా యింటివారు రెండుదినములు తామే వండుకొనెదమని మాటయిచ్చిరి. ఆ మాట యెంతవరకు నిలిచినదో యిచట వ్రాయము.

ఆమె భయము వింతది కాదు. మా ప్రాంతము నైజాము రాజ్యములోనిది. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యము ఆ రాజ్యమున ప్రవేశించినది, 17వ తేదీకి నిజాము లొంగిపోయినాడు. అయినను మా పల్లెలకు శాంతి రాలేదు. 1951 అక్టోబరులో సాయుధపోరాటమును విరమించువరకు ఊరూరను మిలిటరీ కాంపులుండెను. మా యత్తగారి తల్లి అప్పటికి చిన్నపిల్ల. ‘మిలిటరీ’ యను కేక వినబడగానే పెద్దలు పొయ్యిమీది కుండను అట్లే విడిచి పిల్లలను చంకనెత్తుకొని జొన్నచేలలో దాగెడివారని ఆమె చెప్పగా మేము విన్నాము. అట్టి యింటి స్త్రీలు మూడు తరములు గడచినను ఆ మాటకు ఉలికిపడుటలో ఆశ్చర్యమేమున్నది?

ఖమ్మము, డోర్నకల్లు, వరంగల్లు, కాజీపేట దాటి సికందరాబాదు చేరునప్పటికి సాయంకాలమయినది. స్టేషనులో దిగగానే ఆ తల్లి నాలుగువైపుల చూచి నిలిచిపోయెను. 2022 జూను 17వ తేదీన ఈ స్టేషనులోనే సైన్యమున చేరగోరిన పిల్లలు అగ్నిపథ పద్ధతి మాకు వలదని రైలుపెట్టెలు తగులబెట్టినారు. పోలీసు కాల్పులలో వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు మరణించినాడు. ఆమె ఆ దృశ్యములను టీవీలో చూచినది. ఇప్పుడు ఆమె కొడుకు ఆ పద్ధతిలోనే చేరిన అగ్నివీరుడు.

రాత్రి బసకు పోవుటకు ముందు మహంకాళి దర్శనము చేయవలెనని ఆమె పట్టుపట్టెను. మంచిదే యయ్యెను. ఏలయన, దండులో పనిచేయువారి గౌరవమును గూర్చి వ్రాయబూనినవారు ఆ గుడినుండియే ప్రారంభింపవలెను. సికందరాబాదు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసినది. అది ఆంగ్లేయుల దండు విడిసిన చోటు. అందుచేతనే దానిని జనులు నేటికిని లష్కరని పిలుచుచున్నారు. ఆ దండులో సూరిటి అప్పయ్య యనునాతడు డోలీ మోయుచుండెనట. అతడు తుపాకి పట్టినవాడు కాడు, గాయపడినవారిని, జబ్బుపడినవారిని మోయువాడు. 1813లో అతని పటాలమును ఉజ్జయినికి పంపిరి. ఆ కాలముననే ఇచట గత్తర, అనగా కలరా, వ్యాపించి జనులు వేలకొలది మడియుచుండిరి. అప్పయ్య ఉజ్జయినిలో మహాకాళిని కొలిచి, ఈ యుపద్రవము శమించినచో నిన్ను మా యూరిలో నిలిపెదనని మ్రొక్కుకొనెను. 1815లో తిరిగివచ్చి అమ్మవారి కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెను. ఇది స్థలచరిత్రము. ఆషాఢమాసమున స్త్రీలు తలపై బోనము నెత్తుకొని, వేపమండలతోను దీపముతోను లష్కరు బోనాలకు బయలుదేరుట అప్పయ్య మ్రొక్కు ఫలమే.

ఆనాటి పటాలపు సేనాని పేరు మాకు తెలియదు. తెలిసినవారు మా యెరుకలో లేరు. డోలీ మోసినవాని పేరు మాత్రము రెండువందల యేండ్లుగా నిలిచియున్నది. అతనికి పతకమెవ్వరైన నిచ్చిరో లేదో!

మరునాటి ఉదయమున కవాతు. దానిని గూర్చి అధికముగా వ్రాయము, టీవీలో మీరందరు చూచినదే. బూట్ల చప్పుడు, బ్యాండు, జాతీయపతాకము నెదుట ప్రమాణము. మాకు గుర్తున్నది తరువాతి ఘట్టము. శిక్షణ ముగించిన పిల్లల తల్లిదండ్రులను పిలిచి, బిడ్డను దేశమునకిచ్చినందులకు కృతజ్ఞతగా ‘గౌరవ పదక’ మను చిన్న పతకమును వారి రొమ్మున నలంకరించుట ఇప్పుడు సైనిక శిక్షణకేంద్రములలో ఆచారముగా నున్నది. పతకము బిడ్డకు కాదు, కన్నవారికి! మా తల్లి ముందునకు నడచి, అధికారి చేయి చాచులోపలనే వంగి ఆయన పాదములంటబోయెను. ఆయన చప్పున వెనుకకు తగ్గి, తానే చేతులెత్తి నమస్కరించెను. మిరపకాయలు కోసి కోసి గోళ్లచుట్టు మండిన ఆ చేతులు వణకుచుండెను. పతకమును పైటకు గుచ్చవలెనో రవికకు గుచ్చవలెనో తెలియక అధికారి తడబడగా, అధికారుల భార్యలలో నొకామె వచ్చి నేర్పుగా గుచ్చెను. ఇరువది యేండ్లుగా ఆమె కూలికిపోయి బిడ్డను పెంచినది. ఇది నీవు చేసిన పని యని ఆమెతో నొకరనుట అదియే మొదటిసారి. ఆ వీధిలోనే యున్న మేమును అంతవరకు ఒక్కనాడైన అనియెరుగము.

పతకము తల్లి చేతికి వేరొక విధమునను రావచ్చును. మాకు పొరుగుననున్న సూర్యాపేటవాడు కర్నలు సంతోష్ బాబు 2020 జూను 15వ తేదీన గల్వాను లోయలో ప్రాణములర్పించినాడు. 2021 నవంబరులో రాష్ట్రపతి చేతులనుండి మహావీరచక్రమును అందుకొన్నవారు అతని తల్లియు, భార్యయు. ఆ దృశ్యము మనలో ఎందరిచే కంటనీరు పెట్టించినదో! బిడ్డ బ్రతికి ఎదుట నిలిచియుండగా తల్లి రొమ్మున నిలుచు చిన్న పతకము విలువ ఆ పెద్ద పతకమును తలచుకొన్నప్పుడు మాకు బోధపడినది.

కవాతు తరువాత పిల్లవాడు మాతో కూర్చుండి దండు సంగతులు చెప్పెను. అందులో బడాఖానా సంగతి మాకు మిక్కిలి నచ్చినది. పండుగలకును, పటాలము స్థాపించిన దినమునకును అధికారులు, జవానులు కలిసి భుజించు పెద్దవిందును బడాఖానా యందురు. చాలచోట్ల అధికారులే గరిటె పట్టి జవానులకు వడ్డింతురు. “ప్రొద్దున నన్ను మైదానం చుట్టూ పరుగెత్తించిన సారే నా పళ్లెంల కోడికూర వేసిండమ్మా” అని వాడు నవ్వెను. మేము, “మరి ఆ కూర వండినవానికెవరు వడ్డించిరి నాయనా?” అని యడిగితిమి. వాడు కొంచెమాలోచించి, “అది నేను చూడలేదు పిన్నీ” అనెను.

సైన్యమున వంటవారు, చాకలివారు, మంగలివారు, పాకీపనివారు వెనుకటినుండియు కలరు. వారు లేనిదే పటాలము ఒక్కదినము నడువదు. యుద్ధమునకును వారు వెంటపోవుదురు. ఏడాదికొకసారి గరిటె చేతులు మారినంతనే వారి ఋణము తీరునని మేమనుకొనము. అయినను, ఆజ్ఞయిచ్చు చేయి వడ్డించు చేయిగా మారుటను ఆ పిల్లవాడు మరచిపోలేదు. మన యిండ్లలో అట్టి దినమున్నదా? పండుగనాడు పనిమనిషికి కొత్తచీర యిచ్చుట యున్నది. ఆమెను కూర్చుండబెట్టి విస్తరివేసి వడ్డించినవారు మా యెరుకలో నిద్దరే కలరు. ఆ యిద్దరిలో మేము లేము.

పతకము గుచ్చిన యా యిల్లాలు సైనికభార్యల సంక్షేమసంఘమునకు చెందినది. ఈ సంఘము 1966లో ఏర్పడినది. జవానుల భార్యలకు కుట్టుపని మొదలగు విద్యలు నేర్పుట, వీరనారులని పిలువబడు యుద్ధవితంతువులకు తోడునిలుచుట, మానసికముగను, అంగములందును లోపముగల బిడ్డలకొరకు ఆశా పాఠశాలలను నడపుట దాని పనులు. ఇందులో మాకొక చిన్న అభ్యంతరము కలదు. సర్వసేనాని భార్యయే సంఘమునకు అధ్యక్షురాలు. క్రిందనుకూడ భర్త హోదానుబట్టియే భార్యకు పీట. జవాను భార్య యెంత సమర్థురాలైనను ముందువరుసకు వచ్చుట కష్టము. అయితే ఈ మాట చెప్పుటకు మాకు నోరెక్కడిది? భర్త బడిలో పాఠము చెప్పుచుండుటచే, ఒక్క తరగతికైన చెప్పని మమ్ము ఊరెల్ల పంతులమ్మ యనుచున్నదికదా!

తిరుగుప్రయాణమున రైలులో ఆ తల్లి చాలసేపు మాటాడలేదు. వరంగల్లు దాటిన తరువాత, “నాలుగేండ్ల కొలువేనంట గదా?” అని యడిగెను. అవునంటిమి. అగ్నివీరులలో నూటికి 25 మందికి మించకుండ మాత్రమే తరువాత నిలుపుకొందురనియు, తక్కినవారికి సేవానిధి పేర సుమారు 11 లక్షల 70 వేల రూపాయలిచ్చి పంపుదురనియు చెప్పితిమి. ఆమె వ్రేళ్లపై సంవత్సరములు లెక్కించుకొనెను. “అప్పటికి వానికి ఇరువైమూడు. తిరిగొస్తే ఏం జేస్తడు పంతులమ్మా?” మా వద్ద సమాధానము లేకపోయెను. పతకమిచ్చిన యధికారిని ఈ ప్రశ్న అడుగవలసినదని తోచినది. కాని అప్పటికి రైలు డోర్నకల్లు చేరినది.

బోనకల్లులో దిగునప్పటికి చీకటిపడినది. ఆమె రొమ్మునుండి పతకమును తీసి, సెల్‌ఫోనుతోపాటు కొంగున ముడివేసుకొనెను. మరునాడు తెల్లవారుజామున మిరపకోత కూలీల ఆటో మా వీధిలోకి వచ్చి కేకవేసినది. మేము గుమ్మము కడుగుచుంటిమి. ఆమె సద్దిగిన్నె చేతబట్టుకొని వచ్చి ఆటో ఎక్కుచు, ముడి విప్పి లోపలి ఆడువారికి పతకమును చూపుచుండెను. వారందరును ఒక్కసారిగా మీదపడి చూచుటచే ఆటో కొంతసేపు కదలలేదు.